‘హ్యాపీ డేస్’కి ముందు రోజులు

శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ 2007లో వచ్చినప్పుడు, నా కాలేజీ రోజులు గుర్తొచ్చి మురిసిపోయాను. ఈ మధ్య కాలిఫోర్నియా డబ్లిన్‌లోని మా ఇంట్లో, పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి మళ్ళీ చూశాను. ర్యాగింగు, క్యాంటీను, స్నేహాలు చూసి బాగా నవ్వింది. అయిపోయాక ఒక్కటే అడిగింది: “వీళ్ళందరూ ఇంజనీరింగే ఎందుకు చేరారు నాన్నా?”

సినిమాలో దానికి జవాబు లేదు. పిల్లలు కాలేజీలో అడుగుపెట్టేసరికే అసలు నిర్ణయం జరిగిపోయింది. ఎవరు చేశారని ఎవరూ అడగరు. అప్పట్లో నాకూ ఆ లోటు కనబడలేదు. నా విషయంలోనూ ఎవరూ అడగలేదు మరి! 1990ల చివర్లో ఎంసెట్ ర్యాంకు రాగానే నా బ్రాంచి తేల్చింది మా మేనమామ. ఆ ర్యాంకుకి దొరికేవాటిలో అమెరికాకి దగ్గర దారి ఏదో అదే. నాకు చరిత్ర ఇష్టమని చెప్పొచ్చన్న ఊహ కూడా రాలేదు.

చిత్రమేమిటంటే, ఈ దర్శకుడు ఇంజనీరింగు చదివాక అమెరికాలోని హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్నారు. తొలి చిత్రం ‘డాలర్ డ్రీమ్స్’ (2000)లో అమెరికా కల గురించి కుర్రాళ్ళ చేత మథనపడనిచ్చారు. ఆ మథనం ‘హ్యాపీ డేస్’లో ఒక్క సన్నివేశమైనా ఉంటే బాగుండేది.

ఇక్కడ ఎంసెట్ లేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2021 నుంచి అడ్మిషన్లకి శాట్ మార్కులు కూడా చూడటం లేదు. అయినా మనవాళ్ళ విందుల్లో “కంప్యూటర్ సైన్సేగా?” అన్న పలకరింపు పోలేదు. అందులో భయమూ ఉంది. గ్రీన్ కార్డు వరసలో ఉన్న ఇంట్లో, ఇండియాలో పుట్టిన బిడ్డకి 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. విద్యార్థి వీసాకి మారితే, డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి మామూలుగా 12 నెలల గడువు. సైన్సు, ఇంజనీరింగు చదువులకి మరో 24 నెలలు. ఆ తల్లిదండ్రుల్ని ఏమనగలం?

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. మాకు ఆ సాకు లేదు. నవంబరులో అప్లికేషన్ నింపుతూ, ‘మేజర్’ అన్న గడి దగ్గర ఆగింది. తనకి భాషాశాస్త్రం ఇష్టం. “నీ ఇష్టమేనమ్మా” అన్నాను.

తను స్క్రీన్ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. మా మేనమామ కనీసం పైకి చెప్పాడు.