చేతికి వినపడే చప్పుడు

డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర పోతే లేక్ ఫోర్క్ అనే జలాశయం వస్తుంది. 1980లో నీళ్లు నింపడం మొదలుపెట్టినప్పుడు అడుగున ఉన్న చెట్లను చాలావరకు కొట్టకుండా వదిలేశారు. ఇప్పటికీ నీళ్ల మధ్య మోడులు తలలెత్తి నిలబడి ఉంటాయి. టెక్సస్ రాష్ట్రంలో గాలానికి పడ్డ అతి పెద్ద లార్జ్‌మౌత్ బాస్, 18.18 పౌన్లది, 1992 జనవరిలో ఇక్కడే దొరికింది. ఒక ఫిబ్రవరి ఉదయం ఆ మోడుల మధ్య పడవలో కూర్చుని, చలికి ముక్కు కారుతుండగా, గాలం విసురుతున్నాను. నాతో వచ్చిన గైడు డెబ్బై దాటిన పెద్దాయన. అప్పటికే మూడు చేపలు పట్టి నీళ్లలో వదిలేశాడు. ఇద్దరిదీ ఒకే ఎర, ఒకే చోటు. నాకింకా ఒక్కటీ కరవలేదని అన్నాను. ఆయన నా వైపు తిరగకుండానే, "రెండు కరిచి వదిలేశాయి. నీ దారం పక్కకి జరగడం నేను చూశాను" అన్నాడు.

దారం నా చేతిలో ఉంది. తెలిసింది మాత్రం ఆయనకి.

మన చెరువుగట్ల మీద గాలం వేసినవాళ్లకి బెండు అలవాటు. నీళ్ల మీద జొన్న బెండో నెమలి ఈకో తేలుతుంటుంది. కింద చేప ఎర్రని గిల్లితే అది ఊగుతుంది, లాక్కుపోతే మునుగుతుంది. అది కంటితో చేసే వేట. బాస్ వేటలో, ముఖ్యంగా అడుగున జిగ్ ఆడించేటప్పుడు, బెండు ఉండదు. జిగ్ అంటే సీసపు తలకాయ, దానికో ముల్లు, చుట్టూ రబ్బరు పోగుల కుచ్చు. పదిహేను ఇరవై అడుగుల లోతులో అది రాళ్ల మీద, వేళ్ల మీద పొర్లుతూ వస్తుంటుంది. అక్కడ ఏం జరిగిందో పైకి చెప్పేది దారం ఒక్కటే.

బాస్ ఎరని కొరకదు, పీల్చుకుంటుంది. మన కొర్రమీనులాగే మోడు చాటునో నాచు కిందో మాటువేసి, ఎర దగ్గరికి రాగానే నోరు బార్లా తెరుస్తుంది. నోట్లో ఏర్పడ్డ ఖాళీలోకి నీళ్లతో పాటు ఎర కూడా కొట్టుకుపోతుంది. ఇదంతా రెప్పపాటు పని. లోపలికి పోయింది తిండి కాదని తెలిస్తే అంతే వేగంగా ఊసేస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న వ్యవధిలోనే గాలం లాగాలి. చేతికి తెలిసేది కొన్నిసార్లు స్పష్టమైన "టక్". కొన్నిసార్లు తడిగుడ్డ తగులుకున్నట్టు ఒక మెత్తని బరువు. మరికొన్నిసార్లు ఏమీ ఉండదు. అడుగుకి తగలాల్సిన జిగ్ తగలదు, అంతే. దారిలోనే ఎవరో అందుకున్నారన్నమాట! అందుకే ఇక్కడి వేటగాళ్లు రాడ్ గురించి మాట్లాడేటప్పుడు ఎంత గట్టిది, ఎంత అందమైనది అని అడిగే ముందు, ఎంత సెన్సిటివ్ అని అడుగుతారు.

ఆ సెన్సిటివిటీ రాడ్‌లో ఉండే గుణం అనుకోవడం దగ్గరే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను. అది ఒక గొలుసు. జిగ్ నుంచి దారానికి, దారం నుంచి రాడ్ చివరి రింగుకి, అక్కడి నుంచి రాడ్ వెన్నులోకి, పిడిలోకి, అరచేతిలోకి ఆ కదలిక ప్రయాణం చెయ్యాలి. మధ్యలో ఎక్కడ మెత్తబడితే అక్కడ కబురు ఆగిపోతుంది.

చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి టెలిఫోన్ ఆడుకున్నవాళ్లకి ఇందులో సగం ముందే తెలుసు. దారం బిగువుగా ఉన్నంతసేపే అవతలి మాట వినపడుతుంది, వదులైతే పోతుంది. అల్లిక దారం, అంటే బ్రెయిడ్, దాదాపు సాగదు కాబట్టి బిగువుగా ఉన్నప్పుడు దాన్ని మించింది లేదు. కానీ అది నీళ్లకంటే తేలిక. తేలుతుంది, గాలికి విల్లులా వంగుతుంది, వదులైతే మూగబోతుంది. నైలాన్ సాగుతుంది, కబుర్లని మింగేస్తుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లకంటే దాదాపు 1.8 రెట్లు బరువు, కాస్త బిరుసు. మునిగి తిన్నగా నిలబడుతుంది. కొంచెం వదులుగా ఉన్నా టక్‌మన్న దెబ్బని ఎంతో కొంత మోసుకొస్తుంది. సాగదని డబ్బా మీద రాసినా నమ్మకండి, సాగుతుంది. దాని గొప్పతనం అది కాదు. జిగ్ కిందికి జారేటప్పుడు దారం ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటుంది, బాస్ ఎక్కువగా అందుకునేదీ ఆ జారుడులోనే. అందుకే జిగ్ వేటకి పదిహేను, పదిహేడు పౌన్ల ఫ్లోరోకార్బన్ చుట్టుకుంటారు. కొత్త రాడ్ కొనాలని చేతులు దురదపెడుతున్నవాళ్లు ముందు దారం మార్చి చూడటం మంచిది. సీసం బదులు టంగ్‌స్టన్ బరువు కట్టినా తేడా తెలుస్తుంది. అది సీసం కంటే గట్టిది కాబట్టి గులకరాయికి తగిలితే ఖణీమంటుంది, బురదలో దిగితే ఊరుకుంటుంది.

ఇక రాడ్. ఒకప్పుడు ఇవి గాజు పీచుతో చేసినవి. 1970ల తొలి ఏళ్లలో ఫెన్విక్ కంపెనీ కార్బన్ పీచు రాడ్లు అమ్మడం మొదలుపెట్టింది, అక్కడి నుంచి ఆటే మారిపోయింది. వంగకుండా నిలిచే శక్తిలో మామూలు కార్బన్ పీచు గాజుకి మూడు రెట్లు, బరువులో గాజు కంటే తక్కువ. అంటే అదే బలానికి తక్కువ సరుకు చాలు. సరుకు తగ్గినకొద్దీ చిన్న అదురు కూడా మధ్యలో చావకుండా పిడి దాకా వస్తుంది. దుకాణాల్లో ఐఎమ్6, ఐఎమ్7, ఐఎమ్8 అని అంకెలు కనిపిస్తాయి. పెద్ద అంకె మంచి రాడ్ అని నేను చాన్నాళ్లు నమ్మాను. అవి మొదట హెర్క్యులిస్ అనే కంపెనీ తన పీచు రకాలకి పెట్టుకున్న వ్యాపార నామాలు. నాణ్యతకి కొలతలు కావు, ఎవరు పడితే వాళ్లు రాసేసుకుంటారు. పీచుని పట్టి ఉంచే జిగురు ఏమిటి, గొట్టం ఎలా చుట్టారు అన్నవి అంకెలో కనపడవు.

బిరుసుదనానికి మూల్యం ఉంది, పెళుసుదనం. నా మొదటి ఖరీదైన రాడ్‌కి ఒకరోజు ఊగుతున్న టంగ్‌స్టన్ బరువు తగిలి చిన్న గాటు పడింది. కంటికి కనపడనంత గాటు. రెండు వారాల తర్వాత చేప కూడా లేకుండానే, మోడులో చిక్కిన గాలాన్ని విడిపిస్తుంటే టప్పున విరిగింది. దుకాణానికి తీసుకెళ్లి గొడవ పడదామనుకుని, గాటు చూసుకుని నోరుమూసుకున్నాను.

పవర్, యాక్షన్ అని రాడ్ మీద రెండు మాటలు రాసి ఉంటాయి. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. జిగ్‌కి ఏడడుగులు, లేదా దానిమీద రెండు మూడు అంగుళాలు, మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. కొసన మూడోవంతే వంగి, కింది భాగం కర్రలా నిలబడేది. అర ఔన్సు, అంటే పద్నాలుగు గ్రాముల జిగ్‌కి ఇది నప్పుతుంది. ఈ పొడవు కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. అప్పట్లో పిస్తోలు పిడి ఉన్న అయిదున్నర అడుగుల పొట్టి రాడ్లే వాడేవారు. 1970లలో కాలిఫోర్నియా వేటగాడు డీ థామస్ పొడుగాటి కర్రలతో పొదల్లోకి ఎరని జారవిడిచే పద్ధతి పోటీల్లోకి తెస్తే, మిగతావాళ్లు గోలపెట్టి ఎనిమిది అడుగుల హద్దు పెట్టించారు. గోలపెట్టినవాళ్లు కూడా తర్వాత పొడుగు రాడ్లే కొన్నారు.

ఇక్కడ నాది ఒక అభ్యంతరం. సెన్సిటివ్ రాడ్ అన్నిటికీ మంచిది కాదు. క్రాంక్‌బైట్ అనే ఎర ఉంది. చేప ఆకారంలో ఉండి, మూతి దగ్గర పలకతో, లాగుతుంటే వణుకుతూ ఈదుతుంది. దానికి చిన్న చిన్న మూడు ముళ్ల గాలాలు ఉంటాయి. బాస్ దాన్ని వెంబడించి నోట పెట్టగానే మనకి తెలిసిపోతే, కంగారులో లాగేస్తాం, ఎర నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. కాస్త మందమైన, నడుము దాకా వంగే రాడ్ అయితే మనకి ఆలస్యంగా తెలుస్తుంది, ఆ ఆలస్యంలో చేప ఎరని పూర్తిగా తీసుకుంటుంది. అందుకే ఇప్పటికీ పెద్ద పోటీల్లో గాజు పీచు రాడ్లు కనపడతాయి. వెనకటి సరుకు అని నవ్వేవాళ్లు జిగ్ మాత్రమే ఆడేవాళ్లయి ఉంటారు.

రీల్ సంగతికొస్తే ముందు గడియారాల గురించి చెప్పాలి. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కెంటకీలోని పారిస్ అనే ఊళ్లో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడుండేవాడు. బాస్ వేటకి బతికిన చిన్న చేపని ఎరగా విసిరేవారు. తేలికపాటి ఎర దూరం పోవాలంటే, అది లాగే కొద్దిపాటి బలానికే రీల్‌లోని కండె గిర్రున తిరగాలి. మళ్లీ దారాన్ని చప్పున చుట్టాలంటే పిడి ఒక్కసారి తిప్పితే కండె నాలుగుసార్లు తిరగాలి. నునుపైన ఇరుసు, వెంట్రుకవాసి తేడా లేని పళ్లచక్రాలు: రెండూ గడియారం పనివాడికి చేతనైన విద్యలే. స్నైడర్ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ పట్నంలో మీక్ సోదరులు, వాళ్ల దగ్గర పని నేర్చిన మైలమ్ ఆ పనిని ఇంకా మెరుగుపెట్టారు. కెంటకీ రీల్ అంటే నగలా దాచుకునే వస్తువయింది. శతాబ్దం చివర్లో మిషిగన్‌లోని కలమజూలో విలియం షేక్‌స్పియర్ (నాటకాల ఆయన కాదు) కండె మీద దారం సమంగా పరుచుకునేలా అటూ ఇటూ నడిచే కన్నుని జతచేశాడు. స్వీడన్‌లో 1921లో మొదలైన ఆబు కంపెనీ పేరుకి విప్పితే అర్థం గడియారాల కర్మాగారమే. టాక్సీ మీటర్లు చేసే ఆ చేతులే తర్వాత అంబాసడర్ రీళ్లు చేశాయి. అవి అమెరికాలో ఇంటింటా చేరాయి.

ఈ కథ ఎందుకంటే, రీల్ ఎంచుకోవడంలో చిక్కు ఇప్పటికీ స్నైడర్ ముందున్నదే. కండె తేలిగ్గా తిరగాలి, కానీ ఎర కంటే వేగంగా తిరక్కూడదు. గాలిలో ఎర నెమ్మదించాక కూడా కండె తిరుగుతూ ఉంటే దారం లోపలే ఉబికి చిక్కుముడి అవుతుంది. అమెరికావాళ్లు దాన్ని పక్షిగూడు అంటారు. దీన్ని ఆపడానికి అయస్కాంతాలున్న బ్రేకులు, గిర్రున తిరిగితే విచ్చుకునే చిన్న బరువుల బ్రేకులు వచ్చాయి. ఏదైనా, అసలైన బ్రేకు బొటనవేలు. సర్దుకోవడం మాత్రం సులువు. ఎర కట్టి, మీట నొక్కి, దాన్ని నెమ్మదిగా కిందికి జారనివ్వాలి. అది నేలని తాకగానే కండె ఆగిపోయేలా పక్కనున్న మర బిగించాలి. గాలికి ఎదురు విసిరే రోజున ఇంకాస్త.

జిగ్‌కి గేర్ నిష్పత్తి 7:1 దగ్గర్లో ఉంటే సుఖం. పిడి ఒక చుట్టుకి సుమారు రెండున్నర అడుగుల దారం లోపలికి వస్తుంది. టక్ వినపడ్డాక వదులుని చిటికెలో లాక్కోవాలి కదా. బేరింగులు ఎన్ని అన్న లెక్క పట్టించుకోనక్కర్లేదు. రీల్‌లో నేను చూసేవి బరువూ ఆకారమే. అది అరచేతిలో గుప్పిట్లో గువ్వలా ఒదగాలి. ఏడడుగుల రాడ్ నూట పది, నూట ముప్పై గ్రాములు, రీల్ రెండు వందల గ్రాముల లోపు. దుకాణంలో తప్పకుండా రీల్ బిగించి చూడాలి. రీల్‌కి కాస్త ముందు ఒక్క వేలు పెట్టి ఎత్తితే రాడ్ తక్కెడలా నిలవాలి. ముక్కు కిందికి వాలితే దాన్ని పొద్దంతా మణికట్టు మోస్తుంది. మధ్యాహ్నానికి బిగుసుకుపోయిన చేతికి ఏ టక్కూ వినపడదు. రాడ్ కొసన బరువు రింగులు వేసినా ఇదే తంటా.

వేలికొసల్లో సన్నటి అదురుని పట్టే నాడీ గ్రాహకాలుంటాయి, సెకనుకి రెండు మూడు వందల సార్లు వచ్చే కంపనాలకి అవి బాగా చురుకు. చాలామంది ఈ పనిని అరచేతికి అప్పగించి ఊరుకుంటారు. ఆ పెద్దాయన అలా కాదు. రీల్‌ని గుప్పిట్లో పట్టుకుని, దాని ముందు నుంచి వెళ్లే దారాన్ని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య, పువ్వు పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంటాడు. అలా పట్టుకున్నాక రాడ్, పిడి, జిగురు అన్నీ పక్కకి తప్పుకుంటాయి. కబురు నేరుగా వేలికే వస్తుంది. ఆ రోజు ఆయన చేతిలోది నా రాడ్‌లో మూడోవంతు ధర ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్తూ రెండు ముక్కల రాడ్ ఒకటి, ఒక చిన్న రీల్ సంచిలో వేసుకెళ్లాను. మా బాబాయ్ చిన్నప్పుడు మాకు వెదురు గడ చెక్కి ఇచ్చినవాడు, కొర్రమీనుకి కప్పని గుచ్చి వేసే విద్య నేర్పినవాడు. చెరువు గట్టున రాడ్ చేతికిచ్చి, విసరడం చూపించాను. రెండుసార్లు పక్షిగూడు కట్టాడు, మూడోసారి తుంగ పొద పక్కనే పడింది ఎర. నేను చేతి పట్టు చెబుదామని నోరు తెరిచేలోపే, చేతిదారంతో వేటాడిన అలవాటు కొద్దీ, రీల్ ముందున్న దారాన్ని చూపుడువేలి మీదికి తీసుకున్నాడు. తల పక్కకి వాల్చి కాసేపు అలాగే ఉన్నాడు.

"ఏరా, అమెరికాలో పట్టినవన్నీ వదిలేస్తారటగా?"

"చాలావరకు వదిలేస్తాం బాబాయ్. లేక్ ఫోర్క్‌లో పదహారు నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్యవి ఉంచుకోనివ్వరు కూడా."

"మరి దీనికెంత పెట్టావు?"

సగం చెప్పాను. దానికే ఆయన వేలి మీద దారం వదిలేసి నా మొహంలోకి చూశాడు. సరిగ్గా అప్పుడే తుంగ పొద దగ్గర దారం పక్కకి జరిగింది.