వయసు చెప్పని బంగారం, సాక్ష్యం చెప్పిన సీసం

బెంగళూరు నుంచి జోలార్‌పేట వైపు వెళ్ళే రైలు బంగారుపేట దాటిన కాసేపటికి బిసానత్తం, గుడుపల్లె, కుప్పం స్టేషన్ల మీదుగా సాగుతుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే సీమ ఇది. చుట్టూ గ్రానైట్ గుట్టలు, రాగి చేలు, చింతచెట్లు. ఈ నేల అడుగున ఉత్తర దక్షిణాలుగా ఒక నల్లరాతి పట్టీ పరుచుకుని ఉంది. పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు ఐదారు కిలోమీటర్లకు మించదు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని కోలారు షిస్టు పట్టీ అంటారు. కోలారు బంగారు గనులు ఈ పట్టీ నడుమ ఉంటే, దక్షిణపు కొసన చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులు ఉన్నాయి. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఇక్కడ కూడా బంగారం తవ్వింది. ఆ సంస్థ 2001లో మూతపడింది. తర్వాత జరిగిన వేలంలో ఈ బ్లాకు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీకి దక్కింది.

గనుల సంగతి వచ్చినప్పుడల్లా పత్రికలు టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం పడుతుందో, ఎందరికి ఉద్యోగాలు వస్తాయో రాస్తాయి. అవి అవసరమైన లెక్కలే. అయితే ఈ రాళ్ళలో ఇంకో సంపద ఉంది, దాని గురించి ఈ ప్రాంతపు బడిపిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. తొమ్మిదో తరగతిలో పరమాణు నిర్మాణం పాఠం వస్తుంది. పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య, ఐసోటోపులు. ఉదాహరణకు హైడ్రోజన్ మూడు రకాలు, కార్బన్ రెండు మూడు రకాలు, క్లోరిన్ 35, 37. పిల్లలు బట్టీపట్టి, పరీక్షలో రాసి, మరిచిపోతారు. గుడుపల్లెలో చదివే పిల్లవాడికి మాత్రం ఆ పాఠాన్ని ఊరి రాళ్ళతోనే మొదలుపెట్టి చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

బంగారం పరమాణు సంఖ్య 79. కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉన్నాయి కాబట్టే అది బంగారం. ఒక ప్రోటాన్ తగ్గితే ప్లాటినం, ఒకటి పెరిగితే పాదరసం. పాదరసాన్ని బంగారం చేయాలని రసవాదులు తరాల తరబడి పుటాలు పెట్టారు. సిద్ధ నాగార్జునుడి గురించి, వేమన గురించి మన జనం చెప్పుకునే కథల్లోనూ పరుసవేది తప్పకుండా ఉంటుంది. కొలిమి ఎంత మండినా ఆ పని జరగదు. ఎందుకు జరగదన్నది కోలారు గనుల్లో రోజూ చేసిన పనిని చూస్తేనే తెలుస్తుంది. అక్కడ రాతిని పిండిచేసి సయనైడ్ ద్రావణంలో నానబెట్టేవారు. గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఒక్కో బంగారు పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ద్రావణంలో కరిగిపోతుంది. ఆ ద్రావణంలో జింకు వేస్తే, జింకు ఎలక్ట్రాన్లు ఇచ్చి బంగారాన్ని మళ్ళీ లోహంగా బయటికి లాగుతుంది. ఇంత తతంగం జరిగినా మారింది బయటి ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కటే. 79 ప్రోటాన్ల జోలికి ఏదీ పోలేదు. రసాయన చర్యకు, కేంద్రక చర్యకు ఉన్న తేడా ఇదే. కేంద్రకాన్ని కదిలించే శక్తి కొలిమి శక్తికి లక్షల రెట్లు.

అసలు కేంద్రకం అనేది ఒకటి ఉందని తెలిసింది కూడా బంగారం వల్లే. 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ పర్యవేక్షణలో గైగర్, మార్స్‌డెన్ పలుచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను వదిలారు. బంగారాన్ని ఎంచుకోవడానికి కారణం కంసాలి ఎవరైనా చెప్పగలడు: దానంత పలుచగా సాగే లోహం మరొకటి లేదు. చాలా కణాలు అడ్డేమీ లేనట్టు దూసుకుపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగి వచ్చింది. 1911లో రూథర్‌ఫర్డ్ దానికి అర్థం చెప్పాడు: పరమాణువు బరువంతా నడిమధ్య ఒక చిన్న చోట పోగుపడి ఉంది, మిగిలినదంతా ఖాళీ. కోలారులో చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. బంగారు పరమాణువు ఆ గని లోతంత వెడల్పు ఉందనుకుంటే, దాని కేంద్రకం జానెడు కూడా ఉండదు.

ఐసోటోపుల కథ సీసంతో మొదలవుతుంది. ఒకే మూలకం బరువు ఎక్కడ తూచినా ఒకేలా ఉండాలని పంతొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మారు. 1913లో ఫ్రెడరిక్ సాడీ ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. రసాయన ధర్మాలు ఒకటే అయి, బరువులు వేరైన పరమాణువులు ఉండవచ్చన్నాడు. మరుసటి ఏడాది నుంచి వచ్చిన తూనికలు ఆ సంగతి తేల్చాయి. యురేనియం ఖనిజాల్లో దొరికిన సీసం పరమాణు భారం 206 దరిదాపుల్లో ఉంది. సిలోన్ నుంచి తెచ్చిన థోరియం ఖనిజంలోని సీసం 207.7 తూగింది. మామూలు సీసం 207.2. మూడూ సీసమే, మూడింటికీ 82 ప్రోటాన్లే. తేడా న్యూట్రాన్లదని తెలియడానికి 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొనే దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రోటాన్ల సంఖ్య పరమాణువుకు పేరు పెడుతుంది. న్యూట్రాన్ల సంఖ్య అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది.

బంగారం విషయంలో ఒక చిక్కుంది. ప్రకృతిలో దొరికే బంగారమంతా ఒకే రకం: 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు, మొత్తం 197. బిసానత్తం బంగారమైనా, దక్షిణాఫ్రికా బంగారమైనా, అమ్మమ్మ కాసులపేరైనా అంతే. పోల్చి చూడడానికి రెండో రకం లేదు కాబట్టి బంగారాన్ని ఎంత పరీక్షించినా అది తన వయసు చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగింది సీసం. దానికి 204, 206, 207, 208 అని నాలుగు స్థిర ఐసోటోపులు ఉన్నాయి. యురేనియం-238 క్షీణించి చివరికి 206 అవుతుంది, యురేనియం-235 అయితే 207, థోరియం-232 అయితే 208. సీసం-204 ఒక్కటే అలా పుట్టకుండా మొదటి నుంచీ ఉన్న రకం. అందుకే బంగారు పట్టీ వయసు తెలుసుకోవాలంటే దాన్ని ఆనుకుని ఉన్న రాళ్ళలో సీసాన్ని, యురేనియాన్ని వెతకాలి.

వెతికే చోటు జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. కరిగిన శిల చల్లబడేటప్పుడు జిర్కాన్ పుడుతుంది. అందులో జిర్కోనియం అయాను ఉండాల్సిన చోట యురేనియం అయాను కూడా ఇముడుతుంది. రెండింటికీ నాలుగు ధనావేశాలు, పరిమాణాలూ ఇంచుమించు దగ్గరే. సీసం అయానుకు రెండే ఆవేశాలు, పైగా అది పెద్దది, కాబట్టి ఆ స్ఫటికపు అమరికలో దానికి చోటు దొరకదు. అంటే జిర్కాన్ పుట్టినప్పుడు దానిలో యురేనియం ఉంటుంది, సీసం దాదాపు ఉండదు. తర్వాత కనిపించే సీసమంతా లోపలే పుట్టింది. స్ఫటికం పుట్టిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది.

ఈ స్ఫటికాలను ఏరే పద్ధతిలో ఈ సీమకు బాగా తెలిసిన పని ఒకటి ఉంది. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి మారికుప్పం దగ్గర గ్రామస్థులు మట్టిని నీళ్ళలో కడిగి బంగారపు రజను తీయడం చూసి రాసిపెట్టాడు. తేలిక మట్టి నీటితో కొట్టుకుపోతుంది, బరువైనది అడుగున మిగులుతుంది. బంగారం సాంద్రత 19.3, క్వార్ట్జ్‌ది 2.65. జిర్కాన్‌ది 4.6 పైమాటే. శాస్త్రవేత్తలు రాతిని పొడిచేసి, పారే నీటి మీద, తర్వాత బరువైన ద్రవాల్లో అదే సూత్రంతో వేరుచేస్తారు. అయస్కాంతంతో ఇనుము ఉన్న ఖనిజాలను లాగేస్తారు. మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, పగుళ్ళు లేని గింజలను సన్నటి చిమటాతో ఒక్కొక్కటిగా ఏరతారు. కిలోల కొద్దీ రాయి నుంచి చివరికి చేతికి వచ్చేవి మిల్లీగ్రాముల జిర్కాన్లే.

ఆ తర్వాత పని ఇంకా కష్టం. జిర్కాన్ మామూలు ఆమ్లాలకు లొంగదు. టెఫ్లాన్ పాత్రలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి, గట్టిగా మూసి, రోజుల తరబడి వేడిచేస్తే కరుగుతుంది. ఎంత మోతాదో ముందే తెలిసిన ఐసోటోపును అందులో కొద్దిగా కలుపుతారు, దానితో పోల్చి మిగతావాటి మొత్తం తేలుస్తారు. సీసాన్నీ, యురేనియాన్నీ వేరుచేసి సన్నటి లోహపు తీగ మీద ఎక్కించి, ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో పెడతారు. తీగ వేడెక్కి అయాన్లు బయలుదేరుతాయి. అయస్కాంత క్షేత్రంలో తేలికవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. 206, 207, 208 వేరువేరు చోట్ల పడతాయి. ఈ పనికి పెద్ద శత్రువు బయటి సీసం. సీసం కలిపిన పెట్రోలు వాడిన రోజుల్లో దాని పొగలో సీసం ఉండేది; ధూళిలో, పరిశోధకుడి చర్మం మీద కూడా సీసం ఉంటుంది. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1956లో ప్రకటించిన క్లెయిర్ ప్యాటర్సన్, ముందు తన ప్రయోగశాలను సీసం నుంచి శుభ్రం చేసుకోవడానికే ఏళ్ళు వెచ్చించాడు. పెట్రోలులో సీసం కలపకూడదని తర్వాత ఆయన చేసిన పోరాటానికి మూలం కూడా ఆ అనుభవమే.

కోలారు పట్టీ రాళ్ళ మీద ఇలాంటి పని 1980లలో జరిగింది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన వి. రాజమణి, ఎస్. బాలకృష్ణన్ తదితరులు, అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ హాన్సన్, క్రోగ్‌స్టాడ్ కలిసి చేశారు. పట్టీకి పడమటి వైపు శిలలకు 263, 261, 255 కోట్ల ఏళ్ళ చొప్పున వయసులు వచ్చాయి. వాటిలో 320 కోట్ల ఏళ్ళకు పైబడిన ఇంకా పాత నేల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. తూర్పు వైపు శిల వయసు 253 కోట్ల ఏళ్ళు. దానిలో ఆ పాత నేల జాడే లేదు. అంటే పట్టీకి అటూ ఇటూ ఉన్నవి ఒకే చోట పుట్టిన నేలలు కావు. రెండు వేరు భూఖండాలు ఢీకొని అతుక్కున్న కుట్టు ఈ పట్టీ అని, భూపలకల కదలికలు 250 కోట్ల ఏళ్ళ కిందటే ఉన్నాయనడానికి ఇది సాక్ష్యమని 1989లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ప్రపంచ భూగర్భ శాస్త్రంలో పెద్ద చర్చకు సంబంధించిన రుజువు ఈ బంగారు పట్టీ అంచున దొరికింది.

ఈ వయసుల లెక్కను తొమ్మిదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. యురేనియం-238 అర్ధజీవితకాలం, అంటే దానిలో సగం క్షీణించడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్ళు. 253 కోట్ల ఏళ్ళలో దానిలో మూడో వంతు సీసమైపోతుంది, కాబట్టి ఇప్పుడు జిర్కాన్‌లో 100 యురేనియం-238 పరమాణువులు మిగిలి ఉంటే, వాటి పక్కన 48 సీసం-206 పరమాణువులు ఉండాలి. యురేనియం-235 తొందరగా తరుగుతుంది, దాని అర్ధజీవితకాలం 70 కోట్ల ఏళ్ళే. అందువల్ల అదే గింజలో పన్నెండు పాళ్ళలో ఒక పాలే మిగిలి, పదకొండు పాళ్ళు సీసం-207 అయి ఉండాలి. ఒకే స్ఫటికంలో, ఒకే మూలకానికి చెందిన రెండు ఐసోటోపులు, వేర్వేరు వేగాలతో నడిచి ఒకే వయసు చెబితే ఆ వయసును నమ్మవచ్చు. రెండూ పొసగకపోతే ఎప్పుడో వేడి తగిలి సీసం బయటికి పోయిందని అర్థం. ఈ పద్ధతి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. తప్పు జరిగితే ఆ సంగతి కూడా అదే చెబుతుంది.

ఈ పట్టీలోనే ప్రోటాన్ మీద కూడా పరీక్ష జరిగింది. కోలారు గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి పరికరాలు అమర్చారు. ఆకాశం నుంచి వచ్చే కణాల్లో చాలావాటిని అంత మందం రాయి ఆపేస్తుంది. 1965లో వాతావరణంలో పుట్టి, ఆ రాయిని కూడా దాటి రాగలిగే న్యూట్రినోలనే కణాల జాడను వారు అక్కడ పట్టారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ మరో బృందం పట్టింది. 1980లలో అదే లోతున టన్నుల కొద్దీ ఇనుము పేర్చి, ప్రోటాన్ దానంతటది విరిగిపోతుందేమో అని కాపు కాశారు. అనుమానించదగ్గ సంఘటనలు కొన్ని కనిపించాయి. అవి ప్రోటాన్ క్షయమేనని ఇప్పటివరకూ ఏ ప్రయోగమూ నిర్ధారించలేదు.

గుడుపల్లె రైతుకు ఐసోటోపులు ఇంకా దగ్గరగా అవసరపడే చోటు బోరుబావి. ఇక్కడి రాతినేలలో వాన నీరు ఎంత లోపలికి ఇంకుతుందన్నది బతుకుదెరువు ప్రశ్న. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని కొలవడానికి ట్రిటియం వాడారు. ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లు ఉన్న హైడ్రోజన్ ఇది, అర్ధజీవితకాలం 12.3 ఏళ్ళు. వానాకాలానికి ముందు, మొక్కల వేళ్ళకు కింద, నేలలో అతికొద్ది ట్రిటియం నీటిని చొప్పిస్తారు. వానలు ఆగాక అదే చోట నిలువుగా మట్టిని తీసి, పొరపొరగా కొలుస్తారు. ట్రిటియం ఎంత కిందికి దిగిందో చూసి, మట్టిలోని తేమతో లెక్కకడితే, ఆ ఏడాది భూమిలోకి ఇంకిన నీరు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షలు వానలోనూ ట్రిటియంను విపరీతంగా పెంచాయి. కాబట్టి లోతు బోరు నుంచి వచ్చే నీటిలో ట్రిటియం దాదాపు లేదంటే, ఆ నీరు ఆ పరీక్షలకు ముందు కురిసిందన్న మాట. అలాంటి బోరును ఎంత గట్టిగా తోడితే అంత పాత నిల్వ తరుగుతుంది, మళ్ళీ నిండడానికి ఒకటి రెండు మంచి వానాకాలాలు చాలవు.