కరువు సరే, కథ సంగతి అడుగుదాం

రాయలసీమలో మా వైపు ఎవరైనా కొత్త కథల పుస్తకం వేస్తే వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో పుస్తకం తెరవకుండానే చెప్పొచ్చు: "కరువు గురించి రాశారా?" రెండోది ఫ్యాక్షన్ గురించి, మూడోది బెంగళూరు వలసల గురించి. పాట కట్టినవాళ్లకైతే వరుస వేరు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పింఛను వస్తోందా, మీ తర్వాత పిల్లలు నిలబెడతారా? ఇవన్నీ అడగవలసినవే. కాకపోతే ఇవి ఆ పుస్తకం చదవకముందే, ఆ పాట వినకముందే తయారైన ప్రశ్నలు. ఆ కుర్చీలో ఇంకో రచయితను కూర్చోబెట్టినా మాట మార్చకుండా ఇవే అడగొచ్చు.

కొత్తచెరువులో ఉంటూ ఈ కాలమ్ కోసం కథకులతో, పాటగాళ్లతో వాళ్ల కొత్త పని గురించి మాట్లాడుతూ వస్తున్నాను. ఇన్నాళ్ల మాటల్లో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒక్కటే. ఒక మనిషి తన చేత్తో చేసిన పనికి మనం ఇవ్వగల పెద్ద గౌరవం, ఆ పనిలోంచే పుట్టిన ఒక ప్రశ్న. శాలువా, పూలదండ, జ్ఞాపిక అన్నీ దాని తర్వాతే.

ఇక్కడ సొంతంగా పుస్తకం వేయడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. చాలామంది కథకులు బడిపంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న రైతులు. తామే డీటీపీ చేయించుకుని, ప్రూఫులు దిద్దుకుని, ముఖచిత్రానికి తెలిసిన చిత్రకారుణ్ని బతిమాలి, జీతంలోంచో పీఎఫ్‌లోంచో తీసి 500 ప్రతులు అచ్చు వేస్తారు. ఆవిష్కరణ సభలో సగం పంచిపెడతారు. మిగతావి అట్టపెట్టెల్లో మంచం కింద చేరతాయి. సభలో వక్తలు రచయిత మంచితనం గురించి, సీమ కన్నీళ్ల గురించి మాట్లాడతారు. లోపల ఫలానా కథ ఎందుకు అక్కడ ఆగింది, ఫలానా పాత్రకు ఎందుకు పేరు పెట్టలేదు అన్న మాట ఎక్కడా రాదు. ఏళ్ల తరబడి రాసిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు, తన కథను ఎవరైనా చదివారా లేదా అన్నది తెలియకుండానే పోతాడు.

ఒక కథకుడితో జరిగిన మాట చెబుతాను. పేరు వద్దన్నారు. ఆయన కథలో ఒక రైతు ఎద్దులను అమ్ముకుంటాడు. మా ప్రాంతంలో అందరూ రాసిన సంగతే. అయితే ఆ కథలో అమ్మే ఘట్టం లేదు. సంతకు బయల్దేరడం ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఖాళీ కొట్టం ఉంది. నేను అదే అడిగాను, సంత ఏమైంది సార్ అని. ఆయన చాలాసేపు నా వైపే చూసి చెప్పారు: "రాసినా నాయినా. నాలుగు పేజీలు రాసినా. చదివితే నాకే ఏడుపొచ్చె. ఏడ్చినోడు ఏడ్చి మర్సిపోతాడు. అందుకే తీసేసినా. ఎద్దుల్లేని కొట్టం చూసినోడు మర్సిపోడు."

కరువు గురించి మీ అభిప్రాయం ఏమిటి అని అడిగి ఉంటే ఆయన వానల లెక్క చెప్పేవారు, వేరుశనగ ధర చెప్పేవారు, ప్రభుత్వాన్ని తిట్టేవారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేలలో ఉంటున్నాం, ఆ లెక్క మాకందరికీ కంఠతా వచ్చు. సంత ఏమైందని అడిగినందుకు మాత్రం, ఒక రచయిత దుఃఖాన్ని ఎలా తూచి రాస్తాడో, ఏది తీసేసి ఏది ఉంచుతాడో తెలిసింది. అలాగని కరువు పక్కకు పోలేదు. ఆ ఖాళీ కొట్టంలో అది ముందుకన్నా స్పష్టంగా కనిపించింది.

సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి. అనంతపురం నేల మీది ఈ పేర్లు తలచుకున్నప్పుడల్లా నాకు అనిపించేది ఇదే. వీళ్లను కరువు రచయితలని, సీమ రచయితలని ఒక గది కట్టి అందులో పెట్టేశాం. నారాయణస్వామి 'శప్తభూమి'నే తీసుకోండి. 2017లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది 18వ శతాబ్దంలో, హండే పాలకుల కాలంలో నడిచే నవల. అచ్చు యంత్రం, పత్రిక ఏవీ ఇక్కడికి రాని కాలపు మనిషి నోట ఏ తెలుగు పెట్టాలి? గ్రాంథికం పెడితే పాత్ర బిగుసుకుపోతుంది. ఇవాళ్టి అనంతపురం మాట పెడితే కాలం కుదరదు. ఆ రెంటి మధ్య ప్రతి సంభాషణా ఒక నిర్ణయం. చారిత్రక నవల రాసిన ఎవరినైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం. పురస్కారం వచ్చినప్పుడు ఎలా అనిపించింది అన్నది ఆఖరున అడిగినా నష్టం లేదు.

పాట కట్టినవాళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. కథకుడు మాటల్లోనే పని చేస్తాడు కనుక మాటల్లో జవాబు చెప్పగలడు. పాటగాడి జవాబు గొంతులో, చేతిలో, కాలి మడమలో ఉంటుంది. నోటితో చెప్పమంటే తడబడతాడు. అందుకే వాయిద్యం పక్కన లేకుండా, ఆ మనిషి మళ్లీ ఒకసారి పాడి చూపకుండా, సంగీతం గురించి మాట్లాడటం నేను మానుకున్నాను.

మా చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన ఇంకా బతికే ఉంది. సాయంత్రం రామాలయం ముందు కుర్రవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, తాళాలు అమర్చిన చెక్కలు పట్టుకుని గురువు చుట్టూ అడుగులు నేర్చుకుంటారు. గురువు ఒక చరణం అందిస్తాడు, మిగతావాళ్లు ఎగురుతూనే అందుకుంటారు. ఒక గురువు కొత్తగా కట్టిన పాటలో మూడో చరణానికి మాటలు సగానికి తగ్గాయి. మొదటి రెండు చరణాల నిండా మాటలే, మూడోదానిలో రెండు మూడు ముక్కలే, వాటి మధ్య చెక్కల చప్పుడు. పాట అందానికే అనుకుని ఎందుకన్నా అని అడిగాను. "రెండో సరణంలో అడుగులు బరువప్పా. ఆడికొచ్చేసరికి పిల్లోళ్లకు ఊపిరి సాలదు. మాట తగ్గించి సెక్కకిచ్చినా," అన్నాడు. లేచి ఆ అడుగులు వేసి చూపించాడు. ఆ చరణం పొడవును తేల్చింది కుర్రవాళ్ల ఊపిరి. ఎగురుతూ పాడే పాటకు ఛందస్సు ఊపిరితిత్తుల్లో ఉంటుందని నాకు చెప్పిన గురువు ఆయనే.

ఉరుములు వాయించే బృందాన్ని కలిసినా ఇదే దారి. ఆ వాయిద్యానికి ఒకవైపు దెబ్బ, రెండోవైపు వంపు తిరిగిన పుల్లతో రాపిడి. ఆ రాపిడిలోంచే మేఘం గర్జించినట్టు శబ్దం లేస్తుంది. తోలు ఎండలో బిగుసుకుంటే, చలికి వదులైతే గర్జన మారుతుంది కదా, ఆటకు ముందు ఏం చేస్తారు అని అడిగితే, నలుగురూ ఒకరి మాట మీద ఒకరు పడి చెబుతారు. మీ కళ అంతరించిపోతోందా అని అడిగితే నలుగురూ తలవంచుకుంటారు. రెండు ప్రశ్నలూ ఒకే కళ గురించినవే, కానీ మొదటిదానికి జవాబు చెప్పేది కళాకారులు, రెండోదానికి బాధితులు.

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది, మంచిదే. ఇప్పుడు అక్కడ ఎక్కువగా చేసేది దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. అవి అమ్ముడుపోతాయి కనుక ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. చూడవచ్చినవాళ్లు తోలు గురించి, రంగుల గురించి అడుగుతారు. తోలుబొమ్మలాట సగం బొమ్మ, సగం పాట. రంగనాథ రామాయణపు ద్విపదను తెర వెనక రాత్రంతా పాడిన గొంతు గురించి, మధ్యలో హాస్యపాత్రలు కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు ఆ పాట ఎలా విరిగి హాస్యంలోకి దిగుతుందో, తిరిగి రాముడి దగ్గరికి ఎలా ఎక్కుతుందో అడిగేవాళ్లు తక్కువ. బొమ్మను కొనుక్కుని ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ ఎక్కిదిగే పాటను మాత్రం అడిగినవాళ్లే వెంట తీసుకుపోగలరు.

అడగక పోగొట్టుకున్నవి మనకు చాలానే ఉన్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అన్నమయ్య కీర్తనలు ఎన్నింటికో స్వరాలు కట్టారు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య పాటలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికింది 1922లో. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. నాలుగు వందల ఏళ్లలో రాగాలే మారిపోయాయి. రేకు మీద ఉన్న పేరుకు కట్టుబడాలా, పాటలోని భావం ఏ రాగం అడుగుతోందో దానికి కట్టుబడాలా? ఒక్కో కీర్తన దగ్గర ఆయన ఎలా తేల్చుకున్నారో, ఏ వరసలు కట్టి చెరిపేశారో తెలిస్తే ఇవాళ పాట కట్టే పిల్లలకు అదొక బడి అయ్యేది. 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు వచ్చింది, 1979లో వెళ్లిపోయారు. స్వరాలు మిగిలాయి, వాటి వెనక ఉన్న తర్జనభర్జనలో ఎక్కువ భాగం ఆయనతోనే పోయింది.

పుట్టపర్తి నారాయణాచార్యులు గారూ అంతే. చియ్యేడులో పుట్టి, మా పక్కనున్న పెనుగొండలో పెరిగి, పసితనంలోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే పాఠ్యంగా ఎదురైందన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆయన సంగీతం నేర్చినవారు, నాట్యం తెలిసినవారు. 'శివతాండవం' గట్టిగా చదివితే అడుగుల లెక్క తెలుస్తుంది. ఆ రచనలో మాట ముందొచ్చిందా, అడుగు ముందొచ్చిందా? నాకు తెలుసుకోవాలనున్నది అదే.

అడగడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి దగ్గరి దారి లేదు. పుస్తకమైతే మొత్తం చదవాలి, నచ్చిన కథ మళ్లీ చదవాలి, ఆగిన చోట పెన్సిలు గీత పెట్టాలి. పాటైతే పక్కన ఫోను పెట్టుకోకుండా వినాలి. 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రుఫో వారం పాటు హిచ్‌కాక్‌తో కూర్చుని సినిమా వెంట సినిమాగా మాట్లాడాడు. 1966లో అది పుస్తకమైంది. అంతవరకు హిచ్‌కాక్‌ను వినోదగాడిగానే చూసిన చాలామంది ఆ తర్వాత ఆయన్ను పనివాడిగా చూశారు. ట్రుఫో ఆ సినిమాలన్నీ గుండెల్లో పెట్టుకుని వెళ్లాడు కనుకే అది సాధ్యమైంది. నిమ్మలకుంటకో, పెనుగొండకో వెళ్లేవాళ్లకు కూడా ఆ తయారీ ఉండాలి.

రాసేటప్పుడు ఇంకో బాధ్యత ఉంది. ఎదుటి మనిషి మాటను పత్రిక భాషలోకి దిద్దేయాలన్న తొందరను ఆపుకోవాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటి తీరులోనే ఉంచారు. ఆ పుస్తకం ఇవాళ్టికీ అంత బలంగా ఉండటానికి అది ఒక కారణం. అలాగని నోటి తీరు పేరుతో మనిషిని తక్కువ చేసి చూపకూడదు. 1953 నుంచి వస్తున్న 'ది పారిస్ రివ్యూ' పత్రిక తన సంభాషణలను రచయితలకే చూపించి దిద్దుకోనిస్తుంది. విలేకరులకు అది నచ్చకపోవచ్చు. నేను మాత్రం ఆ పద్ధతే పాటిస్తున్నాను. చదవడం రాని పాటగాడైతే నేనే చదివి వినిపిస్తాను. "ఇట్ల గాదప్పా, నేనన్నది ఇంగోటి" అన్న చోటల్లా నిజం ఒక మెట్టు పైకి వచ్చింది.

డబ్బు సంగతి కూడా సిగ్గుపడకుండా అడగాలి. అచ్చుకు ఎంతైంది, బృందానికి బస్సు ఛార్జీలు ఎవరు పెట్టారు, రికార్డింగుకు బెంగళూరు పోతే ఎన్ని రోజుల కూలి పోయింది. సినిమా అండ లేకుండా పాడే బృందాలు నగరాల్లో నిలబడ్డాయి. హైదరాబాదు చౌరస్తా బృందం 'ఊరెళ్లిపోతా మామ' అన్నప్పుడు, ప్రశాంతి నిలయం స్టేషన్లో బెంగళూరు రైలెక్కే మా కుర్రవాళ్లు కూడా ఫోన్లలో పెట్టుకుని విన్నారు. అలాంటి పాట మా రామాలయం దగ్గరా పుట్టొచ్చు. పుట్టాక నిలబడాలంటే దాని ఖర్చు సంగతి బయట తెలియాలి.

ఈ ప్రశ్నల మీద ఇంత పట్టు ఎందుకంటే, ఇప్పుడిప్పుడే రాస్తున్న పిల్లలు వాటిని వింటున్నారు. వేదిక మీద పెద్ద రచయితను కరువు గురించే అడుగుతుంటే, కరువు రాస్తేనే మనల్ని రచయితలంటారని వాళ్లు నేర్చుకుంటారు. ప్రేమ కథ రాసిన పిల్లవాడు దాన్ని దాచుకుంటాడు, కరువు కథ రాసిన పిల్ల దాన్ని ఎలా రాయాలో ఆలోచించదు. అదే వేదిక మీద ఎవరైనా లేచి "సార్, నలభయ్యో పేజీలో ఆ ముసలమ్మ ఎందుకు నవ్వింది?" అని అడిగారనుకోండి. వెనక బెంచీలో ఉన్న పిల్లకు, రాయడమంటే ప్రతి వాక్యం దగ్గరా ఒక నిర్ణయమని, ఆ నిర్ణయాన్ని గమనించే మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాడని తెలుస్తుంది. మీ ఊళ్లో ఈసారి పుస్తకావిష్కరణ జరిగితే ముందే ఒక ప్రతి కొనండి. డబ్బులిచ్చి కొనండి. చదవండి. సభలో మైకు మీ దగ్గరికి వచ్చినప్పుడు పేజీ నంబరు చెప్పి అడగండి.