విజయ గ్రంథాలను బేరీజు వేయడం: రెండు పుస్తకాల పరిశీలన

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఒక నిర్వహణ గ్రంథం చేసే వాదనను, అందుకు అది చూపే ఆధారాన్ని వేరుచేసి పరిశీలించగలుగుతారు.

1. ప్రవేశిక

వ్యాపార విజయం, వ్యక్తిత్వ వికాసం మీద వచ్చిన పుస్తకాలకు కొదవ లేదు. అలాంటి పుస్తకాన్ని నమ్మి ఉన్న ఉద్యోగం మానడమో, అప్పు చేసి దుకాణం పెట్టడమో చేసేవారు మీలోనూ ఉండవచ్చు. కాబట్టి నమ్మే ముందు బేరీజు వేయడం నేర్చుకోవాలి. నాకు ఇష్టమైన రెండు పుస్తకాలతోనే ఆ పని చేద్దాం.

2. గుడ్ టు గ్రేట్

జిమ్ కాలిన్స్ రాసిన ఈ పుస్తకం 2001లో వెలువడింది. ఆయన బృందం 1,435 కంపెనీలను వడపోసి, 15 ఏళ్లపాటు మార్కెట్ సగటుకు కనీసం మూడు రెట్ల రాబడి ఇచ్చిన 11 కంపెనీలను ఎంచుకుంది. ఒక్కొక్క దాని పక్కన, అవకాశాలున్నా ఎదగని మరో కంపెనీని నిలిపి పోల్చింది. ఈ పోలికే పుస్తకానికి బలం. వినయం, పట్టుదల కలిసిన నాయకత్వం గురించిన అధ్యాయం నేటికీ చదవదగినది.

లోపం ఎంపికలోనే ఉంది. ముందు గెలిచినవారిని ఏరి, తరువాత కారణాలు వెతికారు. గెలిచినవాడి మొండితనం పట్టుదలగా, ఓడినవాడి పట్టుదల మొండితనంగా కనిపించడం లోక సహజం. పాత పత్రికా వ్యాసాలు, ఇంటర్వ్యూలు ఈ ప్రభావానికి అతీతం కావు. ఫిల్ రోజెన్‌జ్వైగ్ 2007లో 'ది హేలో ఎఫెక్ట్' గ్రంథంలో ఈ దోషాన్నే ఎత్తిచూపారు. ఆ 11 కంపెనీల్లో సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది ఫానీ మేను అమెరికా ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకుంది. గతాన్ని వివరించడం వేరు, రేపటికి సూత్రం చెప్పడం వేరు. సంస్థల పతనం మీద కాలిన్స్ 2009లో మరో పుస్తకం రాయడం మెచ్చదగిన విషయం.

3. ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్

పీటర్ డ్రకర్ రాసిన ఈ చిన్న పుస్తకం 1967 నాటిది. ఇందులో గణాంకాలు లేవు. ఉదాహరణలు ఎక్కువగా పెద్ద సంస్థల అధిపతులవి, సేనానులవి. యజమాని చెప్పినట్లు నడవవలసిన గుమస్తాకు, ఇంటిపనితో తీరిక లేని గృహిణికి తమ సమయంపై అంత అధికారం ఉండదు. ఈ పరిమితిని గుర్తించాలి.

అయినా నేను ఈ పుస్తకానికే ఎక్కువ మార్కులు వేస్తాను. సమర్థత పుట్టుకతో వచ్చేది కాదు, సాధనతో అలవడేది అన్నది డ్రకర్ వాదన. మొదటి మెట్టుగా సమయం ఎలా ఖర్చవుతున్నదో జ్ఞాపకం మీద ఆధారపడకుండా అప్పటికప్పుడు రాసిపెట్టుకోమంటారు. ఈ సలహా నిజమో కాదో తేల్చడానికి మీకు ఒక నోటుపుస్తకం, ఒక వారం చాలు. తప్పని తేలినా నష్టం స్వల్పం.

4. సారాంశం

ఏ విజయ గ్రంథాన్నైనా మూడు ప్రశ్నలు అడగండి: ఇదే పని చేసి ఓడినవారి లెక్క ఇందులో ఉందా? ఇందులోని సలహా నా పరిస్థితికి వర్తిస్తుందా? తక్కువ ఖర్చుతో దాన్ని నేను పరీక్షించగలనా? మూడో ప్రశ్నకు జవాబు లేని పుస్తకాన్ని ఆనందంగా చదవండి. దాన్ని నమ్మి అప్పు మాత్రం చేయకండి.

అభ్యాసం: మీరు ఇటీవల చదివిన ఒక వ్యక్తిత్వ వికాస గ్రంథాన్ని పై ప్రశ్నలతో పరిశీలించి ఒక పుట రాయండి.