సున్నకు తిరిగివచ్చు కౌంటరు

నవాబుపేట నుండి వికారాబాదుకు పోవు బస్సులో ఐదంకెల దూరమాపకము ఉన్నదనుకొందము. ఉదయము అది 99,990 కిలోమీటర్లు చూపినది. సాయంత్రము 00,070 చూపినది. బస్సు వెనుకకు నడచినదని ఏ విద్యార్థియు అనడు. 80 కిలోమీటర్లు పోయినదని చెప్పును. ఇదే సంగతి కంప్యూటరు నెట్‌వర్కు లెక్కలలో ఎదురైనపుడు మాత్రము ప్రోగ్రాములు తరచుగా తప్పటడుగు వేయుచున్నవి.

నెట్‌వర్కు గుండా వచ్చిన, పోయిన బైట్లను ఆపరేటింగు సిస్టము కౌంటర్లలో కూడుచుండును. 1991లో వెలువడిన ఎం.ఐ.బి.-2 ప్రమాణము ఇందుకు 32 బిట్ల కౌంటరును నిర్ణయించినది. అది 4,29,49,67,295 వరకు లెక్కించి, పిమ్మట సున్నకు వచ్చును. సెకనుకు 1 కోటి బిట్లు నిండుగా పోవు తీగపై ఇట్టి చుట్టుకు సుమారు 57 నిమిషములు పట్టును. 100 కోట్ల బిట్లు పోవు తీగపై 34 సెకన్లే. ప్రమాణకర్తలు 1994లోనే 64 బిట్ల కౌంటర్లను చేర్చిరి. కాని లినక్సులో 32 బిట్ల యంత్రములకు 64 బిట్ల గణాంకములు 2010లో గాని రాలేదు. ఈ ఆలస్యము సమర్థనీయము కాదు.

అంతకంటె పెద్ద లోపము కౌంటరును చదువు ప్రోగ్రాములలో ఉన్నది. కొన్ని ప్రోగ్రాములు, క్రొత్త సంఖ్య పాతదానికంటె తక్కువైనచో, తేడాను సున్నగా వ్రాయును. ఇది జరిగిన రాకపోకలను తుడిచివేయుటయే. మరికొన్ని తేడాకు 4,29,49,67,296 కలుపును. పాత సంఖ్య 4,29,49,67,000, క్రొత్తది 704 అయినచో 1,000 బైట్లని సరిగానే వచ్చును. అయితే యంత్రమును ఆపి మరల నడిపినను కౌంటరు సున్న నుండియే మొదలగును. అప్పుడీ కూడిక జరుగని రాకపోకలను సృష్టించును! పైగా, 34 సెకన్లకు చుట్టు తిరుగు కౌంటరును 5 నిమిషములకొకసారి చూచినచో, నడుమ ఎనిమిది చుట్లు తిరిగినను తెలియదు. పోయిన చుట్లను ఏ అంకగణితమును తిరిగి తేలేదు.

64 బిట్ల కౌంటరు ఆ వేగముననే 4,600 సంవత్సరములకు పైగా నిండదు. కాని యంత్రము ఆగి నడచినచో అదియు సున్నకే వచ్చును. కనుక ప్రతి సంఖ్య ప్రక్కన యంత్రము ఎప్పటినుండి నడచుచున్నదో కూడ వ్రాయవలెను. అది మారినచో ఆ విరామమునకు “తెలియదు” అని వ్రాయుటయే నిజాయితీ. ఈ అంకెలను బట్టియే తీగ చాలునో చాలదో నిర్ణయింతురు; కొన్ని చోట్ల రుసుమును గూడ కట్టుదురు.

సున్న వేరు, తెలియకపోవుట వేరు. ఉపాధ్యాయులు తరగతిలో ముందు బోధింపవలసినది ఈ భేదమే.