నాలుగు నుంచి ఏడు దాకా

మా వీధిలో ట్యూషన్ చెప్పే టీచరమ్మ ఇంటి వరండాలో నాలుగున్నరకల్లా చిన్న చిన్న చెప్పుల జతలు పోగుపడతాయి. లోపల చాపమీద ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ పిల్లలు. ఓ సాయంత్రం నేను వెళ్లేసరికి రెండో తరగతి పిల్లాడొకడు తెరిచిన నోట్‌బుక్ మీదే నిద్రపోయాడు. ఆవిడ వాడి పిడికిట్లోంచి పెన్సిలు మెల్లగా తీసి, తల కింద దిండు పెట్టి, మిగతావాళ్లను సద్దు చేయొద్దంది. ఏడున్నరకు బట్టల షాపు డ్యూటీ నుంచి వాళ్లమ్మ వచ్చింది. గుమ్మంలోనే, "హోంవర్క్ అయిందా మేడమ్?" అంది. "అయిందమ్మా. ఉప్మా కూడా తిన్నాడు" అందీవిడ.

ఈ వరండా పక్కన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌ని పెట్టి చూడాలనిపిస్తుంది నాకు. 1956లో నెహ్రూ చొరవతో ఢిల్లీలో పుట్టిన బాలభవన్ ఆలోచనే అక్కడా ఊపిరి. బొమ్మలు, పాట, మృదంగం, నాట్యం. తప్పు గీస్తే ఇంకో కాగితం ఇస్తారు, అంతే. ర్యాంకు ఊసుండదు. పొద్దున తొమ్మిదికి బెంచీమీద కూర్చున్న పిల్లకు సాయంత్రం కాళ్లూ చేతులూ కదిలే చోటు అది. ఆ విషయంలో ట్యూషన్ దాని దరిదాపులకు రాదు. బడిలో రాసిందే మళ్లీ రాయించి, అప్పజెప్పించుకోవడమేగా అక్కడ జరిగేది.

కానీ బాలభవన్‌కు పిల్లను ఎవరు తీసుకెళతారు? తాతో, నాయనమ్మో, ఉద్యోగానికి వెళ్లని అమ్మో ఉండాలి. దింపాలి, కనిపెట్టుకుని ఉండాలి, తీసుకురావాలి. ఏడింటిదాకా ఇంటికి తాళం ఉండే పిల్లకు అది నగరం అవతలి మాట. పక్కవీధి టీచరమ్మ ఆ పిల్లకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. వాన పడినా, బస్సు లేటైనా పిల్లను బయటికి పంపదు. అందుకే ఈ రెంటిలో ఏది గొప్పదంటే, ఎన్ని లోపాలున్నా నేను వరండావైపే మొగ్గుతాను.

ఆ లోపాలు చాలావరకు ట్యూషన్ అన్న పేరు తెచ్చిపెట్టినవి. మనం కొనుక్కుంటున్నది కాపలా, ఓ ముద్ద తిండి, పెద్దమనిషి కన్ను. చెల్లించేది మాత్రం చదువు పేరుమీద. కాబట్టి ఆవిడ చదువే చూపించాలి. ఓ అరగంట డాబా మీద ఆడుకోనిస్తే, "ఆడించడానికా ఫీజు కట్టేది?" అని మర్నాడు ఎవరో ఒకరు అడుగుతారు. పాపం, ఆ పిల్లాడు నిద్రపోవడం కూడా ఆవిడ తప్పే అవుతుంది.

చట్టానిదీ అదే చూపు. అంగన్‌వాడీ ఆరేళ్లు నిండేదాకా చూసుకుంటుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు 2009 విద్యాహక్కు చట్టం బడి ఇచ్చింది. అందులోని 28వ సెక్షన్ బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. మంచిదే. ఇంటి గంట కొట్టాక పిల్ల ఎక్కడుంటుందన్న ప్రశ్న మాత్రం అందులో లేదు.

జపాన్ ఆ ప్రశ్నకు పేరు పెట్టింది. తల్లిదండ్రులు పనిలో ఉన్న బడి పిల్లల సంరక్షణను 1997లో బాలల సంక్షేమ చట్టంలోకి తెచ్చింది. గకుదో అంటారు. బృందానికి సుమారు 40 మంది, పిల్లకు 1.65 చదరపు మీటర్ల చోటు అని లెక్క కట్టారు. అక్కడా సీటు దొరక్క ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. అయినా బడి నుంచి వచ్చిన పిల్ల గకుదో గుమ్మంలో "తదైమా" అంటుంది. ఇంటికి వచ్చేశానని చెప్పే మాట అది. హోంవర్క్ ఉంటే చేసుకుంటుంది, చిరుతిండి తింటుంది, ఆడుకుంటుంది.

మనకు గదులు లేక కాదు. పదో తరగతి పరీక్షల ముందు తెలంగాణ ప్రభుత్వ బడుల్లో సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు, పిల్లలకు అల్పాహారమూ పెడతారు. మార్కుల కోసమైతే తాళం తీస్తున్నాం. అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ గిన్నెలు కడిగి ఇంటికి వెళ్లిపోతుంది. ఆవిడకు సరైన జీతమిచ్చి సాయంత్రం కూడా పొయ్యి వెలిగించమనాలి, ఆ చుట్టుపక్కల ఓ టీచరమ్మను కూడా పిలిచి చాప పరవమనాలి. రెండో తరగతి పిల్లాడికి నిద్రొస్తే పడుకోనివ్వాలి.