ముందు అచ్చు, తర్వాతే మరమ్మతు

ధర్మవరం పట్టుచీర అంచులోనూ కొంగులోనూ కనిపించే ప్రతి పువ్వూ, ప్రతి మామిడి పిందే మగ్గం మీదికి రాకముందు ఎక్కడో ఒకచోట సమాచారంగా నిల్వ ఉండవలసిందే. ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన యంత్రం ఆ నిల్వను రంధ్రాలు కొట్టిన అట్టలకు అప్పగించింది. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి గీసిన నమూనాను అట్టలకెక్కించి, వాటిని దారంతో వరుసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేక పోగు పడేటప్పుడు ఏ పడుగు పోగులు లేవాలో నిర్ణయిస్తుంది. ఒక అట్ట చిరిగితే చెడేది ఒక్క పేక వరుసే, దాన్నీ గ్రాఫు చూసి మళ్లీ కొట్టుకోవచ్చు. నమూనాలను కంప్యూటరులో గీసి ఫైళ్లుగా దాచడం మొదలయ్యాక చెడిపోవడం అనే మాటకే అర్థం మారింది: ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక దెబ్బతింటే, నమూనాలన్నీ లోపల భద్రంగానే ఉండి కూడా ఒక్కటీ కనబడదు.

ఇటువంటి ఫైళ్లను, హిందూపురం ఫోటో స్టూడియోల్లోనైతే పెళ్లి వీడియోలను, అక్కడున్న అన్ని కంప్యూటర్లకూ అందుబాటులో ఉంచే చిన్న పెట్టెను నాస్ అంటారు. అది నెట్‌వర్కుకు తగిలించిన ఒక చిన్న కంప్యూటరే. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి, చాలా పెట్టెల్లో నడిచేది లినక్సు అనే నిర్వహణ వ్యవస్థ. ఒక డిస్కు పోయినా సమాచారం నిలిచేలా డిస్కులను జతపరిచే ఏర్పాటు పేరు రెయిడ్. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రచురించిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. దీని మర్మం తెలుగు పద్యం ఎరిగినవారికి కొత్త కాదు. ప్రాస నియమం గల పద్యంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి కనుక, శాసనంలో ఒక పాదం దగ్గర రాయి పెచ్చు లేచినా పోయిన హల్లు ఏదో మిగిలిన పాదాలు చెబుతాయి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే అద్దం పద్ధతి ఇదే. మూడో అంతకు మించో డిస్కులు ఉన్నప్పుడు ప్యారిటీ అనే లెక్క వాడతారు: మొదటి డిస్కులో 1, రెండోదానిలో 0 ఉంటే మూడోదానిలో 1 రాసి, మొత్తం ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే అయ్యేలా చూస్తే, ఏ ఒక్కటి పోయినా మిగిలిన రెండింటి నుంచి దాన్ని రాబట్టవచ్చు. ప్రాస హల్లును మాత్రమే ఇస్తుంది, ప్యారిటీ పోయినదాన్ని పూర్తిగా ఇస్తుంది. రెండు చోట్ల ఒకేసారి పోతే మాత్రం ప్యారిటీ కూడా చేతులెత్తేస్తుంది.

ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఒక డిస్కు చెడగానే పెట్టె ఎర్రదీపం వెలిగించి, కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ చేయమంటుంది; అంటే మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరి దాకా చదివి, పోయినదాన్ని కొత్తదానిపై తిరిగి రాయడం. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున చదివినా దాదాపు 15 గంటలు పడుతుంది. ఒకే రోజు కొని, ఒకే పెట్టెలో, ఒకే వేడికి, అవే కరెంటు కోతలకు గురై ముసలివైన డిస్కుల్లో ఒకటి పోయిందంటే రెండోది ఆ 15 గంటల శ్రమను ఓర్చుకుంటుందన్న నమ్మకం లేదు. వేరే ప్రతి లేనివారికి ఆ రీబిల్డ్ బటన్ ఆహ్వానం కాదు, ఉచ్చు. ఇనిషియలైజ్ అనే బటన్ ఇంకా చెడ్డది. అది కొత్త పట్టిక రాసి పాతదాన్ని తుడిచేస్తుంది.

చెడిన మూలం మీద చెయ్యి వేయని నిగ్రహాన్ని శాసన పరిష్కర్తలు ఏనాడో అలవరచుకున్నారు. హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి శాసనమైనా, పెనుకొండ కోటలోనిదైనా, అరిగిన అక్షరాన్ని ఎవరూ ఉలితో మళ్లీ చెక్కరు. రాతిని కడిగి, తడి కాగితం పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది ఎస్టాంపేజి అనే అచ్చు తీస్తారు, చదవడం, వాదించడం అంతా ఆ అచ్చు మీదే. డిస్కు విషయంలోనూ పని ఈ వరుసలోనే సాగాలి. పెట్టెను ఆపి, ఏ డిస్కు ఏ అరలోదో చీటీ అంటించి, ఒక్కొక్కదాన్నీ లినక్సు కంప్యూటరుకు నేరుగా తగిలించి, దాని మీద ఏమీ రాయకుండా, ప్రతి సెక్టారునూ, అంటే డిస్కు చదివే అతి చిన్న ముక్కను, వేరే మంచి డిస్కులోకి ఎత్తిరాయాలి. ఇందుకు ఆంటోనియో డియాజ్ రాసిన డిడిరెస్క్యూ అనే ఉచిత సాధనం పేరుపొందింది. మామూలు కాపీ పని చెడ్డ సెక్టారు దగ్గర మొండికేస్తుంది. ఇది సులువుగా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లను దాటుకుంటూ పోయి, చివరికి వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మరమ్మతు కన్నా తరలింపే ముందు: 1565లో తళ్ళికోట ఓటమి తర్వాత విజయనగరాన్ని విడిచి పెనుకొండకు చేరినవారు ఖజానాను ఏనుగులకెత్తారే గాని కోట గోడలకు అతుకులు వేస్తూ కూర్చోలేదు.

చదవలేకపోయిన చోట్లను డిడిరెస్క్యూ ఒక పటంలో నమోదు చేస్తుంది. ముద్రిత శాసన పాఠంలో పోయిన అక్షరాలకు చుక్కలు పెట్టడం లాంటిదే ఇది. అద్దం పద్ధతిలోని రెండు డిస్కులూ వేర్వేరు చోట్ల చెడి ఉంటే, ఒకే కావ్యపు రెండు తాళపత్ర ప్రతులను ఎదురెదురుగా పెట్టినట్టు, ఒకదాని ఖాళీలను రెండోదానితో పూరించవచ్చు. డిస్కు టిక్కు టిక్కుమంటుంటే మాత్రం ఈ విద్యలేవీ పనికిరావు. పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలవలసిన హెడ్ దెబ్బతిన్నదనడానికి అది గుర్తు. కరెంటు తీసేసి, దుమ్ము లేని గది ఉన్న ప్రయోగశాలకు పంపడమే దారి. హిందూపురం వారికి బెంగళూరు నూరు కిలోమీటర్ల దూరమే కావడం ఒక ఊరట.

డిస్కు ముందుగా హెచ్చరిస్తుందన్న ధీమా కూడా సగమే నిజం. స్మార్ట్ అనే స్వీయపరీక్షలో చెడ్డ సెక్టార్ల లెక్క పెరగడం చెడు శకునమే. అయితే గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా డిస్కుల్లో నాలుగు ప్రధాన సూచికల్లో ఏ ఒక్కటీ కదలలేదు. పైగా అద్దం పద్ధతి అదనపు ప్రతి కాదు. పొరపాటున ఒక ఫైలును తుడిచేస్తే రెండో డిస్కులోనూ అదే క్షణంలో తుడిచిపెట్టుకుపోతుంది.

ఎత్తిరాసిన అచ్చులో పట్టిక కూడా చెడి ఉంటే, ఫైళ్ల మొదటి గుర్తులను బట్టి వెతికే ఫోటోరెక్ వంటి సాధనాలు మిగులుతాయి. అవి చాలావరకు బొమ్మలను తెస్తాయి, పేర్లను తేలేవు. ఎవరి చీర, ఏ పండుగకు నేసినది, ఏ అంచుకు ఏ కొంగు అన్నవన్నీ పోయి, ఎఫ్ అనే అక్షరం పక్కన అంకెలతో వేలకొద్దీ ఫైళ్లు వరుసకడతాయి. అక్కడితో యంత్రపు పని అయిపోతుంది. ఆపైన వాటిని ఒక్కొక్కటిగా తెర మీద తెరిచి, ఇది ఫలానా అంచు అని గుర్తుపట్టగలిగింది ఆ నమూనాను ఒకప్పుడు మగ్గం మీద నేసిన మనిషే.